ఆకాశవాణి, దూరదర్శన్: ఓరుగల్లు నుంచి ఆదిలాబాద్ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

మన వైపు ఆకాశవాణి, దూరదర్శన్ పేరెత్తితే ముందు పాత జ్ఞాపకాలు బయటికి వస్తాయి. ఆ వెంటనే "అయినా ఇప్పుడెవరు వింటున్నారులే" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఈ రెండు మాటల నడుమ పనికివచ్చే ప్రశ్నలు ఉండిపోతాయి. రేడియో ఎందుకు గరగరలాడుతోంది, నెల చందా లేకుండా టీవీ ఎలా వస్తుంది, మా ఊరి ఒగ్గు బృందం అక్కడ పాడాలంటే ఎవరిని అడగాలి వంటివి. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ప్రసార భారతి, ఆకాశవాణి, దూరదర్శన్ మూడూ వేరు వేరా?

ప్రసార భారతి మాతృసంస్థ. ఆకాశవాణి దాని రేడియో విభాగం, దూరదర్శన్ టీవీ విభాగం. వయసులో మాత్రం ఈ వరస తలకిందులు. రేడియోకు ఆలిండియా రేడియో అనే పేరు 1936లో వచ్చింది. టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలై, 1976 దాకా రేడియో కింద ఒక శాఖగానే నడిచింది. ఆ ఏడాది విడిపడి దూరదర్శన్ సొంత కాళ్ల మీద నిలబడింది. మాతృసంస్థ అన్నింటికన్నా చిన్నది. 1990లో చట్టం చేశారు, ఏడేళ్లు పక్కన పెట్టారు, చివరికి 1997 నవంబరులో ప్రసార భారతి ఏర్పడింది.

ఇక పేరు విషయానికొస్తే, 2023 మే నుంచి అధికారికంగా అన్నిచోట్లా ఆకాశవాణి అనే వాడుతున్నారు. మనం ఎప్పటి నుంచో అలాగే పిలుస్తున్నాం కాబట్టి ఇక్కడ ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

పేరుకే స్వయంప్రతిపత్తి, నిజానికి ప్రభుత్వ చానలే కదా?

చట్టం ప్రకారం స్వయంప్రతిపత్తి గల సంస్థ. ఛైర్మన్‌ను, పాలకమండలి సభ్యులను రాష్ట్రపతి నియమిస్తారు. పేర్లు సూచించేది ముగ్గురు సభ్యుల సంఘం: రాజ్యసభ ఛైర్మన్, ప్రెస్ కౌన్సిల్ ఛైర్మన్, రాష్ట్రపతి నామినేట్ చేసే మరొకరు. కాగితం మీద బాగానే ఉంది. కానీ జీతాలకు, యంత్రాలకు డబ్బు ఎక్కువగా కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచే వస్తుంది. ఖర్చు పెట్టేవారి మాట ఇంట్లో ఎంత చెల్లుతుందో చెప్పనక్కర్లేదు.

ఈ తగవు కొత్తది కాదు. 1975–77 ఎమర్జెన్సీలో రేడియో, టీవీ పూర్తిగా ప్రభుత్వ గొంతుగా మారాయి. ఆ చేదు అనుభవం తర్వాత బి.జి. వర్గీస్ అధ్యక్షతన వేసిన కమిటీ 'ఆకాశ్ భారతి' అనే స్వతంత్ర ట్రస్టు పెట్టాలని 1978లో సూచించింది. అది అమలు కాలేదు. 1995లో క్రికెట్ ప్రసారాల కేసులో సుప్రీంకోర్టు, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండరాదని తీర్పు చెప్పింది.

నా అభిప్రాయం అడిగితే, ఢిల్లీ వార్తల ధోరణి మీద ఎవరికి ఎన్ని అభ్యంతరాలైనా ఉండవచ్చు, నాకూ ఉన్నాయి. అయితే ఆ కోపంతో జిల్లా కేంద్రాన్ని కూడా వదులుకోవడం తెలివైన పని కాదు. మన పంట, మన పాట, మన యాస వినిపించేది అక్కడే.

మన దగ్గర ఏయే రేడియో కేంద్రాలు ఉన్నాయి?

ఉత్తర తెలంగాణలో పాతది ఆదిలాబాద్ కేంద్రం, 1986లో మొదలైంది. వరంగల్, నిజామాబాద్ కేంద్రాలు 1990లో వచ్చాయి. వరంగల్ 103.5, నిజామాబాద్ 103.2, ఆదిలాబాద్ 100.2 మెగాహెర్ట్జ్ మీద ఎఫ్ఎంలో వినిపిస్తాయి. హైదరాబాద్ 'ఎ' కేంద్రం మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది.

ఈ జిల్లా కేంద్రాలు రోజంతా సొంత కార్యక్రమాలే ఇవ్వవు. కొంత సమయం హైదరాబాద్ నుంచి, కొంత ఢిల్లీ నుంచి, కొంత వివిధభారతి నుంచి రిలే చేస్తాయి. స్థానిక కార్యక్రమాల వేళలు తెలియాలంటే ఆ రోజు ప్రసారం మొదలైనప్పుడు చదివే కార్యక్రమాల వివరాలు వినడమే సులువైన దారి.

రేడియోలో గరగర తప్ప ఏమీ రావడం లేదు. సెట్టు పాడైందా?

చాలాసార్లు సెట్టు బాగానే ఉంటుంది, ఇల్లే మారిపోయింది. మీడియం వేవ్‌కు ఇప్పుడు పెద్ద శత్రువులు చవక ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు. రేడియో పెట్టి ఇంట్లో ఒక్కొక్క స్విచ్చీ ఆపుతూ రండి. ఏదో ఒక స్విచ్చి దగ్గర ఆ గుయ్యిమనే మోత ఠక్కున ఆగిపోతుంది. దొంగ అదే. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ రేడియో చక్కగా పలకడానికి కారణం కూడా ఇదే.

రెండో సంగతి దిక్కు. సెట్టు విప్పి చూస్తే లోపల పొడవుగా ఒక నల్లటి కడ్డీ, దాని చుట్టూ సన్నని రాగి తీగ కనిపిస్తాయి. మీడియం వేవ్‌కు యాంటెన్నా అదే. పైకి లాగే స్టీలు పుల్లకు మీడియం వేవ్‌తో పని లేదు, దాన్ని ఎంత లాగినా లాభం ఉండదు. కడ్డీ పక్కభాగం కేంద్రం వైపు తిరిగి ఉంటే సంకేతం బాగా అందుతుంది, కొన అటు తిరిగితే తగ్గిపోతుంది. వరంగల్ నుంచి హైదరాబాద్ నైరుతి దిక్కున ఉంది కాబట్టి, సెట్టు ముఖమో వీపో నైరుతికి ఉండేలా కిటికీ దగ్గర పెట్టి కొద్దికొద్దిగా తిప్పండి.

ఎఫ్ఎం సంగతి వేరు. అక్కడ స్టీలు పుల్లే యాంటెన్నా. ఎఫ్ఎం తరంగాలు దాదాపు కంటిచూపు మేరకే పోతాయి, గుట్టలు అడ్డొస్తే ఆగిపోతాయి. హనుమకొండలో గంట కొట్టినట్టు వినిపించే స్టేషన్ ఏటూరునాగారం అడవుల దాకా వెళ్లేసరికి నీరసపడేది అందుకే. అటువంటి చోట సెట్టును మేడ మీదికి తీసుకెళ్లడం తప్ప పెద్ద ఉపాయం లేదు.

రాత్రిపూట ఎక్కడెక్కడి స్టేషన్లు ఎందుకు కలిసిపోతాయి?

పగలు మీడియం వేవ్ తరంగాలు నేలను పట్టుకుని ప్రయాణిస్తాయి. చీకటి పడ్డాక ఆకాశంలో ఎత్తున ఉండే అయనావరణం అనే గాలి పొర వాటిని తిరిగి కిందికి పంపుతుంది. అందుకే వందల కిలోమీటర్ల అవతలి కేంద్రాలు కూడా వచ్చి మీద పడతాయి.

ఫోన్‌లో వినవచ్చా?

రెండు దారులున్నాయి. ఫోన్‌లో ఎఫ్ఎం చిప్ ఉంటే, తీగ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టి డేటా ఖర్చు లేకుండా వినవచ్చు. ఆ తీగే యాంటెన్నాగా పనిచేస్తుంది, అందుకే అది తీసేస్తే పాట ఆగిపోతుంది. కొత్త ఫోన్లలో ఈ సౌకర్యం తగ్గిపోతోంది. ఫోన్లలో ఎఫ్ఎం తప్పకుండా ఉండేలా చూడాలని 2023లో కేంద్ర ప్రభుత్వం తయారీదారులకు సూచించింది, వరదలూ తుపాన్లూ వచ్చినప్పుడు టవర్లు పడిపోయినా రేడియో పలుకుతుంది కాబట్టి.

రెండోది 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్. దేశంలోని ఆకాశవాణి ప్రసారాలు 200కు పైగా అందులో వినవచ్చు. 2024 నవంబరులో ప్రసార భారతి 'వేవ్స్' అనే యాప్ కూడా తెచ్చింది. అందులో దూరదర్శన్ చానళ్లు చూడవచ్చు, రేడియో కూడా వినవచ్చు. గల్ఫ్‌లో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్ వైపు వారికి ఇంటి గొంతు వినడానికి ఇవి బాగా ఉపయోగపడతాయి.

రేడియోకు, టీవీకి ఇప్పటికీ లైసెన్సు కట్టాలా?

అక్కర్లేదు. ఒకప్పుడు పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఆ పద్ధతిని 1980లలో ఎత్తేశారు.

డీడీ ఫ్రీ డిష్ నిజంగా ఉచితమా? డిష్ ఎటు తిప్పాలి?

నెల చందా లేదు. డిష్, సెట్‌టాప్ బాక్సు, కేబుల్ ఒకసారి కొనుక్కుంటే సరిపోతుంది. దూరదర్శన్ ఈ సేవను 2004 డిసెంబరులో 'డీడీ డైరెక్ట్ ప్లస్' పేరుతో మొదలుపెట్టింది, తర్వాత ఫ్రీ డిష్ అయింది. "ప్రతి నెలా రీచార్జి చేస్తేనే వస్తుంది" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

డిష్ ఎటు పెట్టాలనేది అందరూ తికమకపడే విషయం. ప్రసారాలు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల మీద ఉంటుంది. వరంగల్ నుంచి చూస్తే అది ఆగ్నేయాన, సుమారు 63 డిగ్రీల ఎత్తులో ఉన్నట్టు లెక్క. (వాస్తు పట్టింపు ఉన్నవారు కూడా దీనికి అభ్యంతరం చెప్పరు.) ఇక్కడ ఒక మోసం ఉంది. మనం వాడే చిన్న డిష్‌ను చూస్తే ఎదురింటి పిట్టగోడను చూస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, దాని అసలు చూపు అంతకన్నా చాలా పైకి ఉంటుంది. కాబట్టి కంటి అంచనాతో బిగించేయకుండా, సెట్‌టాప్ బాక్సులో సిగ్నల్ చూపే గీతను ఒకరు చూస్తూ చెబుతుంటే, ఇంకొకరు పైన వేలెడంత వేలెడంత జరపాలి. గీత పెరగడం మొదలయ్యాక చెయ్యి నెమ్మదించాలి. ఆ దిక్కున వేపచెట్టు ఉంటే ఈ ఏడాది వచ్చే బొమ్మ రెండేళ్లకు కొమ్మలు పెరిగాక రాకపోవచ్చు.

జడివానలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతే కంగారు పడవద్దు. ఈ తరంగాలను వాన మింగేస్తుంది, తెరిపి ఇవ్వగానే తిరిగి వస్తుంది. వాన వెలిసి గంటలు గడిచినా రాకపోతే డిష్ ముందు కడ్డీ చివర ఉండి సంకేతం అందుకునే ఎల్ఎన్‌బీ అనే చిన్న డబ్బాలోకి, కేబుల్ కలిసే చోట నీళ్లు దిగాయేమో చూడండి. అక్కడ టేపు గట్టిగా చుట్టడం చాలామంది మరచిపోతారు.

కొన్ని చానళ్లు పక్కింట్లో వస్తున్నాయి, మా ఇంట్లో రావు అంటే సాధారణంగా బాక్సు పాతదని అర్థం. బొమ్మను కుదించి పంపే ఎంపెగ్-4 అనే కొత్త పద్ధతిలో వచ్చే చానళ్లు పాత ఎంపెగ్-2 బాక్సుల్లో తెరుచుకోవు. ఇక తెలుగు ప్రైవేటు చానళ్లు అన్నీ ఎందుకు లేవంటే, ఫ్రీ డిష్‌లో చోటును వేలం వేస్తారు. కొనుక్కున్న చానల్‌కే చోటు.

ఇండియా మ్యాచ్ ఫ్రీ డిష్‌లో వస్తోంది, కేబుల్‌లో అదే డీడీ స్పోర్ట్స్‌లో రావడం లేదు. ఇదేం చోద్యం?

చోద్యమే, కానీ చట్టబద్ధమైన చోద్యం. 2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల ఆటల ప్రత్యక్ష ప్రసారాన్ని, హక్కులు కొన్న ప్రైవేటు సంస్థ ప్రసార భారతితో పంచుకోవాలి. దానిమీద వచ్చే ప్రకటనల ఆదాయంలో టీవీకైతే 75 శాతం ఆ సంస్థకు, 25 శాతం ప్రసార భారతికి. రేడియోకు చెరి సగం.

అయితే దూరదర్శన్ చానళ్లను కేబుల్ వాళ్లు తప్పనిసరిగా చూపాలని 1995 కేబుల్ చట్టం చెబుతుంది. రెండు చట్టాలూ కలిస్తే, కోట్లు పోసి హక్కులు కొన్న సంస్థ మ్యాచ్ కేబుల్‌లో ఉచితంగా వెళ్లిపోతుంది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పంచుకున్న ప్రసారాన్ని దూరదర్శన్ తన సొంత భూతల ప్రసారంలో (నేల మీది టవర్ల నుంచి వచ్చేది), సొంత డీటీహెచ్‌లో మాత్రమే చూపాలని 2017 ఆగస్టులో కోర్టు తేల్చింది. సొంత డీటీహెచ్ అంటే ఫ్రీ డిష్. అందుకే ఆ సమయంలో కేబుల్‌లో వేరే ఏదో కార్యక్రమం వస్తుంది. కేబుల్ ఆపరేటర్‌తో పోట్లాడి ప్రయోజనం లేదు, ఈ ఒక్క విషయంలో ఆయన నిర్దోషి.

మేడ మీది పాత చేపముల్లు యాంటెన్నాతో దూరదర్శన్ వస్తుందా?

ఇక రాదనే అనుకోండి. దూరదర్శన్ పాత అనలాగ్ భూతల ట్రాన్స్‌మిటర్లను, సరిహద్దుల వంటి కీలక ప్రాంతాల్లోని కొన్నింటిని మినహాయించి, 2022 నాటికి దాదాపు అన్నింటినీ ఆపేసింది.

యాదగిరి మనదా, సప్తగిరి మనదా?

2014లో రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాద్ కేంద్రం నుంచి నడిచే తెలంగాణ చానల్ డీడీ యాదగిరి అయింది. సప్తగిరి విజయవాడ నుంచి ఆంధ్రప్రదేశ్ చానల్‌గా కొనసాగుతోంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. దూరదర్శన్‌లో తెలుగు వార్తలు తొలిసారి చదివింది శాంతిస్వరూప్, 1983లో. టెలిప్రాంప్టర్ లేని రోజులవి. కాగితం మీదున్నది మనసులో నిలుపుకుని కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. ఆయన 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

పోటీ పరీక్షల పాఠాలు వచ్చే టీ-శాట్ కూడా దూరదర్శన్‌దేనా?

కాదు. టీ-శాట్ నిపుణ, టీ-శాట్ విద్య రాష్ట్ర ప్రభుత్వానివి. ఉమ్మడి రాష్ట్రంలోని 'మన టీవీ' తర్వాత వాటికి ఈ పేర్లు వచ్చాయి. బడి పిల్లల కోసం కేంద్రం నడిపే పీఎం ఈ-విద్య చానళ్లు ఫ్రీ డిష్‌లో ఉంటాయి. టీ-శాట్ పాఠాలు రాకపోతే ప్రసార భారతికి రాసిన ఫిర్యాదు వృథా.

ఆకాశవాణి రాకముందు మనకు రేడియో ఉండేదా?

ఉండేది. హైదరాబాద్ సంస్థానానికి సొంత రేడియో ఉంది, పేరు దక్కన్ రేడియో. 1935 నుంచి నిజాం ప్రభుత్వ రేడియోగా నడిచింది. ఓరుగల్లు, ఇందూరు (ఇప్పటి నిజామాబాద్), కరీంనగరం అప్పుడు సంస్థానంలో భాగం కాబట్టి మన పెద్దల తొలి రేడియో అదే. పెత్తనం ఉర్దూది. 1948 సెప్టెంబరు 17న నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాల్పుల విరమణను ప్రకటించింది రేడియోలోనే. 1950లో ఆ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. ఉర్దూ మాత్రం పోలేదు. హైదరాబాద్ ఆకాశవాణిలో 'నైరంగ్' ఉర్దూ కార్యక్రమం వరంగల్‌లోనూ, నిజామాబాద్‌లోనూ ఎందరికో అలవాటైన పేరు.

తర్వాతి కాలంలో తెలుగు సాహిత్యకారులు చాలామంది అక్కడ కొలువు చేశారు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యులు హైదరాబాద్ ఆకాశవాణిలో ప్రయోక్తగా పనిచేశారు. నిజాంను ఎదిరించి జైలుకెళ్లిన కవి, ఒకనాటి నిజాం రేడియో వారసత్వం మోస్తున్న కేంద్రంలో ఉద్యోగం చేయడం చరిత్ర ఆడిన చమత్కారం.

తెలుగు, ఉర్దూ కాకుండా మన ప్రాంతపు వేరే భాషలు వినిపిస్తాయా?

ఆదిలాబాద్ కేంద్రం గోండి భాషలో కార్యక్రమాలు ఇస్తుంది. ఉట్నూరు, ఇంద్రవెల్లి గూడేల్లో ఇంటి భాష గాలిలో వినిపించడం ఎంత పెద్ద సంగతో, రోజంతా తెలుగు చానళ్లు చూసే మనకు అంత సులువుగా అర్థం కాదు. ప్రకటనలు రాని భాషకు ఏ ప్రైవేటు సంస్థా గంట సమయం ఇవ్వదు. ప్రజాధనంతో నడిచే రేడియో ఎందుకు ఉండాలి అని ఎవరైనా వాదిస్తే నేను ముందు చూపించేది ఈ కార్యక్రమాన్నే. నా ఫిర్యాదల్లా ఆ సమయం చాలదని, కోయ, కొలామీ వారికి కూడా అంతటి వాటా ఉండాలని.

రైతుకు ఇప్పటికీ ఉపయోగం ఉందా, యూట్యూబ్ ఉండగా?

యూట్యూబ్‌లో పత్తికి గులాబీ పురుగు మందు చెప్పే వ్యక్తి ఎవరో, ఏ జిల్లా నేల గురించి మాట్లాడుతున్నాడో, ఏ కంపెనీ డబ్బిచ్చిందో తెలియదు. ఆకాశవాణి రైతు కార్యక్రమంలో ఎక్కువగా మాట్లాడేది వ్యవసాయ శాస్త్రవేత్తలు, అధికారులు. వరంగల్‌లో, జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధన స్థానాలు ఉన్నాయి కాబట్టి మన నేల తెలిసినవారు అందుబాటులోనే ఉన్నారు. ఫోన్‌ఇన్ కార్యక్రమం ఉన్న రోజు ప్రశ్న అడగండి. "మిరపకు తెగులు వచ్చింది" అంటే జవాబు కూడా మొక్కుబడిగానే వస్తుంది. నాటి ఎన్ని రోజులైంది, ఆకు పైకి ముడుచుకుందా కిందికి ముడుచుకుందా, ఇప్పటికే ఏం కొట్టారు అనేవి చెబితే పనికొచ్చే జవాబు వస్తుంది. పైకి ముడత తామర పురుగు పని, కిందికి ముడత నల్లి పని. మందు మారిపోతుంది.

దూరదర్శన్‌లో వ్యవసాయ కార్యక్రమాలు 1967లో మొదలయ్యాయి. రైతుల కోసమే పెట్టిన డీడీ కిసాన్ చానల్ 2015లో వచ్చింది. అది ఎక్కువగా హిందీ, మన రైతుకు అంత అక్కరకు రాదు.

ప్రైవేటు ఎఫ్ఎంలు వార్తలు ఎందుకు చెప్పవు?

సొంతంగా వార్తలు తయారు చేసి చదివే అనుమతి వాటికి లేదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చు. టీవీలో వందల వార్తా చానళ్లను అనుమతించి, రేడియోకు మాత్రం ఈ కట్టడి ఎందుకో నాకు సమంజసమైన కారణం కనిపించలేదు.

ఉదయం ప్రసారానికి ముందు వచ్చే ఆ రాగం ఎవరిది?

వాల్టర్ కాఫ్‌మన్ అనే చెక్ దేశపు యూదు సంగీతకారుడిది. నాజీల భయంతో మన దేశానికి వచ్చి, బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసేవారు. 1930లలో కూర్చిన ఆ బాణీ శివరంజని రాగంలో సాగుతుంది.

మా ఊరి ఒగ్గుకథ బృందం రేడియోలో పాడాలంటే?

దగ్గరి కేంద్రంలో స్వర పరీక్ష కోసం దరఖాస్తు చేయాలి. పిలుపు వచ్చినప్పుడు వెళ్లి పాడితే గ్రేడు ఇస్తారు: బి, బి-హై, ఎ, ఆపైన టాప్. పారితోషికం గ్రేడును బట్టి ఉంటుంది. నాటకానికీ, లలిత సంగీతానికీ, జానపదానికీ పరీక్షలు వేరు. యువతకు 'యువవాణి', మాట చక్కగా ఉన్నవారికి క్యాజువల్ అనౌన్సర్ అవకాశాలు ఉంటాయి. వాటికి ప్రకటన వచ్చినప్పుడే దరఖాస్తు తీసుకుంటారు.

ఒక జాగ్రత్త. ఒగ్గుకథ రాత్రంతా సాగే కళ, రేడియోలో దొరికేది అరగంటో ఇంకా తక్కువో. జనగామ వైపు చుక్క సత్తయ్య వంటి దిగ్గజాలు కథను వేదికకు తగ్గట్టు కుదించడంలో సిద్ధహస్తులుగా ఉండేవారు. మల్లన్న కథ మొత్తం చెప్పబోకండి, ఒక ఘట్టం ఎంచుకోండి. డోలు, తాళం మైకుకు మరీ దగ్గరైతే గొంతు మునిగిపోతుంది. రికార్డింగ్‌కు ముందు ఒకసారి వాయించి చూపమని అడగడానికి మొహమాటపడవద్దు.

ప్రసారం ఆగిపోతే, కార్యక్రమం నచ్చకపోతే ఎవరికి చెప్పాలి?

ముందు మీ కేంద్రానికే ఒక ఉత్తరం రాయండి. ఏ తేదీ, ఏ సమయం, ఏ ఊళ్లో వినిపించలేదో రాయాలి. "ఎప్పుడూ రాదు" అని రాసిన ఉత్తరంతో ఇంజనీరు చేయగలిగింది ఏమీ ఉండదు. పలకకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. సమాచార హక్కు చట్టం ప్రసార భారతికి వర్తిస్తుంది. స్థానిక కార్యక్రమాలకు నెలకు ఎన్ని గంటలు కేటాయించారు, ట్రాన్స్‌మిటర్ ఎన్నిసార్లు ఆగింది వంటివి అడగవచ్చు. పది రూపాయల రుసుముతో పోయేదానికి ఇంత తక్కువ మంది అడగడం వింతగా ఉంటుంది. ప్రసార యంత్రాలు మెరుగుపరచడానికి 2023 జనవరిలో కేంద్రం 2,539 కోట్ల రూపాయలకు పైగా పథకం ఆమోదించింది. మీ జిల్లా కేంద్రానికి అందులో ఏం వచ్చిందన్నది మొదటి దరఖాస్తుకు మంచి ప్రశ్న.

మా తాతగారి పాత రికార్డింగ్ దొరుకుతుందా?

దొరకవచ్చు, హామీ లేదు. అప్పట్లో టేపులు ఖరీదు, అందుకే పాతది చెరిపి కొత్తది రికార్డు చేసేవారు. దాచిన వాటిలో కొన్నింటిని డిజిటల్‌గా మార్చారు, ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్‌లో కొన్ని పెట్టింది. కేంద్రాన్ని అడిగేటప్పుడు కళాకారుడి పేరు, కార్యక్రమం పేరు, సుమారు సంవత్సరం రాయండి. ఇంట్లో పాత పారితోషికపు కాంట్రాక్టు కాగితం ఉంటే దాని నకలు జత చేయండి. రికార్డింగ్ తేదీ అందులోనే ఉంటుంది, వెతికేవారికి అంతకన్నా పెద్ద ఆధారం లేదు.